స్టాకు రిజిస్టరు

నేను ఆడలేదు. రాసుకున్న.
స్టోర్ రూం తాళంచెవి ఇరవై రెండేండ్లు నా కొంగుకే ఉండె.
ఏ కట్టె ఎవరు కొంటవోయిన్రో, ఏది ఇరిగి వచ్చిందో
నీలి గీతల మధ్య అన్నీ నా అక్షరాలే, వంకర టింకరయి.

మొదటి పేజీ:
హాకీ కట్టెలు పదకొండు,
అందుల నాలుగు మొగపిల్లల టీము వద్దని పారేసినవి.
బంతులు మూడు. గోలీ ప్యాడ్లు లేవు.
ఆ ఏడు గోలుల నిలవడ్డ రమావత్ సోనా
పాత బొంత చీరి కాళ్లకు కట్టుకున్నది.
వరంగల్లు పోయి పద్నాలుగు గోల్లు తిని వచ్చిన్రు.
తెల్లారగట్ల నల్లగొండ బస్టాండుల దిగి
ఎవ్వరు ఎవ్వరితోని మాట్లాడలే.
పద్నాలుగు అని నేను ఎక్కడా రాయలే,
అసొంటి కాలమ్ రిజిస్టరుల లేదు.

గ్రౌండంటే ఉత్త మొరం.
వాన పడ్డాక గడ్డి కాదు, రాళ్లు మొలిచేటివి.
పొద్దుగాల ఐదింటికి వరుసగ వంగి రాళ్లేరుడే
ఆ పిల్లలకు మొదటి పాఠం.
ఏరిన రాళ్లతోటే పడమటి దిక్కు గోడ లేచింది.
ఇంజనీరు సారు వచ్చి, ఇదెవరు కట్టిన్రు, బిల్లేదని అడిగిండు.

మర్రిగూడ దిక్కు నుంచి ఇందుమతి వచ్చింది.
నవ్వితే నోటికి చెయ్యడ్డం పెట్టేది,
ఆ ఊరి బోరునీళ్లు పండ్ల మీద గోధుమరంగు గీతలు గీసినయి.
వాళ్లక్కకు నడుము లేవదు, మోకాళ్లు ముడుచుకపోయినయి.
ఈ పిల్ల రైటు అంచు పట్టుకొని ఉరికితే
చాయ్ గ్లాసు కింద పెట్టి నేను లేచి నిలబడేదాన్ని.
ఎందుకో కూసోని చూడబుద్ధి కాకపోయేది.

ఒకనాడు కోచ్ సారు ఫోనుల చూపెట్టిండు:
ఏదో చలిదేశంల, ఏ యూనివర్సిటీనో,
ఆడపిల్లలు మంచుగడ్డ మీద జారుకుంట ఇదే ఆట.
ఇరగబడి నవ్విన్రు మనోళ్లు.
మాకు ఐసంటే చేపల మార్కెట్టుల పది రూపాయలకు ఒక గడ్డ,
తువ్వాలల చుట్టి నస్రీను మోకాలుకు పెట్టేది.
ఆటో గేటు దాటి వచ్చేసరికే సగం నీళ్లు.
"మనం దాని మీద ఆడితే సెకండాఫ్ ఈతకొట్టుడే మేడం"
అన్నది నస్రీను, వాచిన కాలు బల్ల మీద పెట్టుకొని.

తర్వాతి ఏడు తొమ్మిది తిన్నరు. ఆ తర్వాత మూడు.
ఒక ఏడు టీమే పోలే, బస్సు కిరాయి మంజూరు కాలే.
గుంటూరుల సున్నకు సున్న అయిననాడు
హాస్టలుల రాత్రి రెండు దాకా పళ్లేలు కొట్టిన్రు.
వార్డెను తిట్టింది, తిట్టుకుంటనే మళ్ల అన్నం వండిచ్చింది.

ఎనిమిదో ఏడు సౌత్ జోనుల మూడో స్థానం.
చివరి గోలు ఇందుమతిది. నేను చూడలే.
నస్రీను ఫోనుల ఏడుస్తుంటే
ఓడిన్రనుకొని ఊకో బిడ్డా ఊకో అన్న.
రాసిన: ఇత్తడి కప్పు, ఒకటి. ఒక చెవి బస్సుల ఇరిగింది.

తొమ్మిదో నంబరు కట్టె తిరిగి రాలే.
ఆడిట్ సారు ఎర్రసిరాతోని సున్న చుట్టిండు,
నా జీతంల ఆరువందల నలభై పట్టుకున్నరు.
సంతకం పెట్టిన. పిల్ల పేరు చెప్పలే.

నిరుడు పెండ్లికని పోతుంటే
మర్రిగూడ దాటినంక బస్సు టైరు పంచరయింది.
పక్కన బడి. తొమ్మిదిమంది ఆడపిల్లలు,
ఎనిమిదిమంది చేతులల్ల వంగిన వేపకొమ్మలు.
అందరికన్న చిన్నదాని చేతిల పిడి కోసిన కట్టె,
టేపు కింద తెల్లపెయింటు తొమ్మిది,
నా తొమ్మిదే, తోక ఎడమకు తిరిగి.
మీ మేడం ఏదంటే, జీతాల పని మీద ఆఫీసుకు పోయిందన్నరు.
మళ్ల వంగి రాళ్లేరుకుంట.

రిటైరయ్యే వారం రిజిస్టరు తీసి
ఎర్రసున్న పక్కన రాసిన: వాడకంల ఉన్నది.
కొత్త అటెండరు చూసి, అట్లా రాయడానికి కాలమ్ లేదు కదమ్మా అన్నడు.
స్కేలు ఆ సొరుగుల ఉన్నది, గీసుకో అన్న.