కచ్చాకుట్టు

రాత్రి పదిన్నరకు షట్టరు సగం దించి
ఏడురోడ్ల వెనక సందులో, నా కుట్టుకొట్లో,
ఉరుసుకు ఇయ్యాల్సిన పైజామాల గుట్ట పక్కకు జరిపి
విమానం బయటికి తీస్తా.

నిజం విమానం ఎక్కింది లేదు.
కడప ఎయిర్‌పోర్టు గేటు దాకా ఒకసారి పోయినా,
వాచ్‌మెన్ల యూనిఫారాలకు కొలతలు తీసుకోను.

తెర చిన్నది. కంప్యూటరు మూడో చెయ్యి మారింది.
కాళ్లకింది పెడళ్లు మాత్రం నావే:
మా నాయన పాత మిషను తొక్కుడు పలకను
రెండుగా కోసి, స్ప్రింగులు పెట్టి
ఫక్రుద్దీన్ వెల్డింగు చేసిచ్చినాడు.
డబ్బులు తీసుకోలేదు. రెండు చొక్కాలు కుట్టించుకున్నాడు.

గాల్లో ఏ తంటా లేదు.
పాలకొండల మీద రెక్క వంచి తిరుగుతా,
పెన్న దారప్పోగంత కనపడతాది.
నేలమీదనే నా పరువు పోయేది.
బొటనవేలు ఇంత కదిలిస్తే చాలు,
ముందు చక్రం బెదిరిన దూడ మాదిరి
ఎడమకు లాగి, సరిచేస్తే కుడికి దూకి,
అదీ సరిచేయబోతే
గడ్డిలో రెక్క గుచ్చుకుని నిలబడతాది.

ఓబులేసు, ముప్పైయేండ్లు ఆర్టీసీ స్టీరింగు పట్టినోడు,
చూసి చూసి అన్నాడు:
"ప్లే లేదు మాబూ దీనికి.
మా బండ్లు జానెడు తిప్పినాకే ఇనేటివి.
నీది చెప్పకముందే ఇంటాంది.
అట్లాటి బండిని నమ్మగూడదు.
అట్లాటి మనిషిని గూడా."

ఆ మాటకు గుర్తొచ్చింది,
మిషనుకు తొలిసారి మోటారు బిగించిన దినం.
పాదం ఆనీ ఆనకముందే సూది పరుగెత్తి
హెడ్‌మాస్టరమ్మ జాకెట్టు వీపున రైలుపట్టా వేసింది.
అప్పుడు పెడలు కింద హవాయి చెప్పు ముక్క పెట్టినా.
పాతికేండ్లు ఆ ముక్కే నా అంగడిని కాపాడింది.

ఇక్కడా మొదట అదే పెట్టినా. కొంచెమే కుదిరింది.
రబ్బరు కాలినైతే అదుపు చేస్తాది,
జబ్బు ఇంకా లోపలుంది, అంకెల్లో.

సెట్టింగుల్లో ఒక గీత ఉంది.
కిందిమూల నుంచి పైమూలకు
స్కేలు పెట్టి గీసినట్టు.
కాలెంతో చక్రమంత.
చూస్తానే నవ్వొచ్చింది.
తిన్నని గీత మీద చంక కత్తిరించేవాడు
టైలరు కాడు, వడ్రంగి.
గీతను నడుమ పడుకోబెట్టినా, చివర్న లేపినా,
నా సుద్దకు అలవాటైన వంపే:
మెల్లగా, ఇంకా మెల్లగా, ఆ తర్వాతే భుజానికి ఎక్కేది.
నట్టనడుమ, కాలు వణికినా పట్టించుకోని జాగా
కొంచెం వదిలినా,
కుట్టు లోపల అరంగుళం వదిలినట్టు.

అదీ చాల్లేదు.
చక్రం ఎంత దూరం తిరగొచ్చో
విమానం ఫైలులో రాసి ఉంది: డెబ్బై.
ముందు నకలొకటి దాచిపెట్టినా.
కాగితం కటింగు లేకుండా పట్టుకు కత్తెర పెట్టను.
డెబ్బైని ఇరవై చేసినా.
ఆపే చోట మళ్లలేక
పోయి ఆయిలు బండిని గుద్దింది.
ముప్పై ఐదు.
నడుము కొలత యాడైనా ఇంతే,
తొడిగించాల, విప్పించాల, మళ్లీ తొడిగించాల.

నిన్న రాత్రి
రన్‌వే నడుమ తెల్లగీతలు,
ముక్క, ఖాళీ, ముక్క, ఖాళీ,
ఇన్నాళ్లూ ఊగుతా పోయినందుకు ఆనలేదు గానీ
అవి కచ్చాకుట్టు!
ఎవరో నేలకు పొడుగునా వేసిపెట్టి పోయినారు,
పక్కాకుట్టు నన్ను వేసుకొమ్మని.

పాదం ఆనించినా.
ఒక్క గీత తప్పలేదు.
అరవై. ఎనభై. నూరు.
ఇంత తిన్నగా ఏ పైజామాకూ నేను కుట్టింది లేదు.
చూసుకుంటా, మురుసుకుంటా
ఎగరడం మరిచిపోయినా.

రన్‌వే అయిపోయింది.
కంచె, కంపచెట్లు, చీకటి.

ఓబులేసు టీగ్లాసు కిందపెట్టి
"కుట్టు బాగుందిలే" అన్నాడు,
"దారం తెంపేది నేర్చుకో."