తొమ్మిదికి తెరుస్తారు

లగ్గెరెలో మూడో అడ్డరోడ్డు
ఆస్పత్రి మెట్లు రోజూ ఊడ్చేది నేనే.
ఐదు మెట్లు. నాలుగోదానికి అంచు విరిగింది.
బోర్డు చదవలేను గానీ
రంగులేసే పిల్లోణ్ణి అడిగి తెలుసుకున్నా:
తొమ్మిదికి తెరుస్తారు, నాలుగున్నరకి మూస్తారు,
బీపీ, షుగరు ఉచితం.

ఆరుంబావుకి నా చీపురు ఆ మెట్లు దిగుతుంది.
తొమ్మిదికి నేను రింగురోడ్డు అవతల.
రెండున్నరకి మేస్త్రీ వేలిముద్ర తీసుకొని వదిలితే
ట్యాంకరు దగ్గర బిందెలు,
ఆ పైన మూడిళ్ళ అంట్లు.
మళ్ళీ ఆ దారిన వచ్చేసరికి
తాళంకప్ప నోరు మూసుకోనుంటుంది.

ఉగాది ముందర క్యాంపు పెట్టి
అందరికీ చేతికి పట్టీ చుట్టినారు.
"మీదది నూటడెబ్బై ఎనిమిది, కిందది నూటనాలుగు."
మీదా కిందా అంటే బాడుగిళ్ళు గుర్తొచ్చినాయి.
మీదింట్లో గోలయితే
కిందోళ్ళకి నిద్దరుండదు, అది తెలుసు.
నొప్పి యాడుంది సారూ అన్నా.
ఉండదమ్మా, అదే తంటా అన్నాడు.

తలపోటు తెలుసు. పంటిపోటు తెలుసు.
కానుపుపోటు మూడుసార్లు తెలుసు.
నొయ్యని పోటుందని మా మడకశిర పక్క ఎవరూ చెప్పలా.
వెన్నుపోటొకటే అనుకున్నా,
పడేదాకా తెలియంది.

మారెక్కకి అట్లే పడింది.
తోపుడుబండి తోస్తా తోస్తా చెయ్యి వదిలేసింది.
బండి పోతానే ఉంది, మనిషి ఆగిపోయింది.
ఇప్పుడు పిలిస్తే
ఓబులమ్మలో సగమే నోట్లోంచి వస్తుంది,
మిగతా సగం కళ్ళతో చెప్తుంది.

నొప్పి లేని జబ్బుకి సెలవడిగితే
మేస్త్రీ నవ్వినాడు.
ఆయప్ప తప్పు కాదులే, నేనైనా నవ్వుదును.

మందులషాపులో పది పది కొంటా.
వాడు కత్తెరతో అట్ట కోసిచ్చినప్పుడల్లా
పేరున్న సగం వాడి దగ్గరే ఉండిపోతుంది.
అందుకే నా మందు పేరు నాకు తెలియదు.
తెల్లది, గుండ్రంది, నడుమ గీత.
గీతుంది కాబట్టి నెలాఖర్లో విరిచి
సగం నాకు, సగం మారెక్కకి.

ఉప్పు తగ్గించమన్నారు.
సంగటిలోకి ఊరుబిండి, అదీ లేనినాడు ఉప్పుమిరపకాయ,
ఇందులో ఏది తగ్గించేది?
ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చెయ్యగూడదు అని పెంచింది మాయమ్మ.
ఉప్పే ద్రోహం చేస్తుందని ఆమెకేం తెలుసు.

మొన్న గురువారం
మూడు మెట్లు ఊడ్చేసరికి లోపల లైటు.
కొత్త సిస్టరు, భాగీరథి అంట.
నెలమంగల నుంచి ఏడింటి బస్సు ఆపేసినారంట,
ఐదున్నర బస్సుకి వచ్చి కూర్చోనుంది.
తొమ్మిదికి కదా అన్నా.
"మిషన్‌కేం టైము, కూత్కొళ్ళి" అనింది.

ఇన్నేండ్లు ఊడ్చినా గానీ
ఆ మెట్టు మీద కూర్చోలేదెప్పుడూ.
పట్టీ బిగిసింది.
ఎవరన్నా నా రెక్క పట్టుకున్నారంటే ఇన్నాళ్ళూ
పక్కకి జరపడానికే.
అంకె చూసి సిస్టరు ఏమీ చెప్పలా.
"ఐదు నిమిషాలు ఊరికే కూర్చో. మళ్ళీ చూస్తా."

ఊరికే.
చీపురు గోడకి ఆనుకొని ఉంది.
పాలబండి పోయింది.
విరిగిన మెట్టు మడమ కింద చల్లగా తగిలింది.
ఊరికే ఉండడం ఎట్లా చెయ్యాలో తెలియక
లెక్కబెట్టినా:
ఊడ్చినవి మూడు, ఊడ్చనివి రెండు.
ఊడ్చినవి మూడు.

మీదది పన్నెండు తగ్గింది. కిందింట్లో గోల అట్లే ఉంది.
రవికలోంచి క్యాంపు చీటీ తీసిచ్చినా,
చెమటకి అక్షరాలు అలుక్కుపోయినా చదివింది.
ముప్పై మాత్రలు. అట్ట కోయలేదు.
పేరు మీద వేలుపెట్టి రెండుసార్లు పలికించింది.

బండి కడిగి, గోనెపట్టా పరిచి
మారెక్కని కూర్చోబెట్టుకొని తీసుకురావాల.
మిగిలిన రెండు మెట్లు ఊడ్చి
తల పైకెత్తి అడిగినా:
సిస్టరూ, రేపు కూడా
ఆ బస్సుకేనా నువ్వొచ్చేది?