ఐదో గడి

బరంపురం నెట్ సెంటర్లో, ఫ్యాను గాలి తగలని మూల
కోస్టారికా దరఖాస్తు నింపుతున్నాను.
ఆరు వారాలు తాబేళ్ళని లెక్కపెట్టాలట,
అందుకు మనమే డబ్బు కట్టాలట.
రూపాయల్లోకి మార్చి చూస్తే
నాన్న పడవకి కొత్త ఇంజను.

పొడంపేట ఒడ్డున ఆ పడవ
నవంబరు నుంచీ కదల్లేదు.
తాబేళ్ళ కాలం, వల వెయ్యకూడదు.
"అవి గుడ్లెట్టాల, మనం గుడ్లప్పగించాల"
అంటాడు. అని,
చీకటి పడ్డాక కుక్కల్ని తరమడానికి
కర్ర పట్టుకుని తనే పోతాడు.

ఐదో గడి: గత అనుభవం.
ఏం రాయను?
మా వీధిదీపాన్ని సముద్రమనుకుని
ఊళ్ళోకి పాకిన పిల్లల్ని
గమేళాకెత్తి రుషికుల్య మొగలో వదిలాం.
ఎన్నని ఎవరు లెక్కపెట్టారు?
మా పాతింటి గుమ్మం కూడా
ఆ నీళ్ళలోనే ఉందిప్పుడు.

ఒడియాలో చదివి, తెలుగులో తిట్లు తిని,
ఇంగ్లీషులో కొట్టాను: పందొమ్మిదేళ్ళు.
ఎర్రగీత పడింది.
సర్టిఫికెట్ జతచేయమంది.

ఫోను. నాన్న.
"ఏటి సేస్తన్నావు?
గూళ్ళకాడ ఇసక దిగబడింది,
ఈ రేత్రికే పిల్లలు.
గమేళా ఎక్కడెట్టేవు?"