రెండు పాయింట్ల దూరం

ఫిబ్రవరి ఆఖరి శనివారం.
సుపీరియర్ సరస్సు గాలికి
పార్కింగ్‌లో ట్రక్కుల తలుపులు బిగుసుకుపోయుంటాయి.

మా కుర్రాళ్ల ఆట అయిపోయింది. గెలిచారు.
అయినా ఎవరూ లేవరు.
మూడొందల మైళ్ల అవతల ఇంకో ఆట నడుస్తోంది,
అక్కడ వాళ్లు ఓడితేనే కప్పు మాది.

లెంపి కోస్కెలా బేకరీ రసీదు వెనక
పెన్నుతో కూడికలు వేస్తోంది.
నలభై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి,
ఇవాళ మూడూ రెండూ కలపడానికి వేళ్లు మడుస్తోంది.

రేడియో చెవికానించుకున్న ఆర్విడ్ చెయ్యెత్తాడు.
కింద మంచుని నున్నచేసే బండి
ఎవరి గోలా పట్టనట్టు తిరుగుతోంది,
స్కేట్ల గీతలన్నీ చెరిపేస్తూ.

"సమం" అన్నాడు. "అదనపు సమయం."

లెంపి రసీదు తిరగేసింది.
రై రొట్టె ఒకటి, దాల్చినచెక్క బన్నులు ఆరు.
ఖాళీ లేదు.
నా అరచెయ్యి లాక్కుని
దానిమీద మొదలుపెట్టింది.