ద్వివచనం

మాజె ఊరి బడి కింద, బాయిలర్ పక్క గదిలో
బ్యాంకువాళ్ళు పారేసిన కంప్యూటర్‌కి
రావ్‌ద్నా మూడు రోజులుగా ప్రాణం పోస్తోంది.
బయట మైనస్ ముప్పై ఒకటి.
సూర్యుడు రావడానికి ఇంకా తొమ్మిది రోజులుంది.
ఇక్కడి జనవరి అంతే,
మిట్టమధ్యాహ్నం దీపం పెట్టుకుని సూప్ తాగుతారు.

ఇది కావాలి, అంటుంది తెర.
తెచ్చిపెడితే, దీనికి ఇంకోటి కావాలి, అంటుంది.
అలకపాన్పు ఎక్కిన అల్లుడే నయం.

పెద్ద కంపెనీ మిషనుకి పంపితే పోయేదిగా, అన్నాడు తమ్ముడు.
నీకెన్ని రెయిన్‌డీర్లున్నాయని
ఇక్కడ ఎవరూ ఎవరినీ అడగరు.
అడగకుండానే తెలుసుకునేవాడికి
ఉత్తరాలన్నీ అప్పజెప్పాలా, అంది.

ఈ కోడ్ ఎవరిదీ కాదు.
ముక్కూమొహం తెలియనివాళ్ళు
ఒక్కో మాటా ఏరి, రూల్ కట్టి,
తీసుకో, మార్చుకో, మార్చింది దాచుకోకు,
అని ఒక కాగితం జతచేసి వెళ్ళిపోయారు.

నాలుగో రాత్రి ఫ్యాను దగ్గి, గుక్కతిప్పుకుంది.
2737 పోర్టు తెరుచుకుంది.
సామిలో ఒక పలకరింపు కొడితే
నార్వేజియన్‌లో బయటికొచ్చింది.
నమ్మకం కుదరక మళ్ళీ కొట్టింది.
తెలియని మాట వస్తే ఇది బొంకదు,
మాటని మాటలాగే వదిలి, ముందు ఒక చుక్క గుర్తు పెడుతుంది.
మనుషుల్లో ఎంతమందికుంది ఆ మర్యాద.

మొదట వచ్చింది సున్నా.
అవును, ఆమె పేరే అది.
వేరేలా వినిపిస్తే తప్పు మన చెవిది.
ట్రక్కు గుద్ది చచ్చిన ఏడు రెయిన్‌డీర్లకి
పరిహారం అడుగుతూ ఉత్తరం చెప్పింది.
మొవాయ్ ఆ కంచె వేశాం.
మొవాయ్ ఆ మందని ఏరు దాటించాం.

మొవాయ్ అంటే ఇద్దరం.
ఒక్కరికి ఒక మాట, గుంపుకి ఒక మాట,
నడుమ ఇద్దరికే ఇంకో మాట.
రామః రామౌ రామాః అని ఊగుతూ వల్లెవేసినవాళ్ళకి
ఆ నడిమెట్టు గుర్తుండే ఉంటుంది.
తెలుగులో ఆ మెట్టు లేదు. మన కిటుకు వేరు,
వినేవాణ్ణి కలుపుకుంటే మనం,
గడప బయట నిలబెడితే మేము.

తెర మీద మాత్రం "వి" అని వచ్చింది.
మనమూ మేమూ ఊరూ దేశమూ
అంతా ఆ ఒక్క అక్షరంలోనే.
సున్నా కళ్ళద్దాలు సర్దుకుని అడిగింది:
"ఇందులో ఎంతమందిమి ఉన్నాం?"

రావ్‌ద్నా ఆ రాత్రి ఇంటికి పోలేదు.
రూల్స్ ఫైలు తెరిచి నాలుగు లైన్లు రాసి
రెండు కొట్టేసి, మళ్ళీ కంపైల్ చేసి,
తెల్లారిందని గడియారం చెప్పాక
"వి తూ" అని వచ్చింది. మేమిద్దరం.
ఉత్తరం వెళ్ళింది.

పదకొండు రోజులకి,
సూర్యుడొచ్చి రెండో రోజో మూడో రోజో,
ఆఫీసు నుంచి జవాబు.
దరఖాస్తుదారులు ఇద్దరని తెలియుచున్నది.
రెండవ వారి సంతకము జతపరచగలరు.

రెండవ వారు జోవ్నా.
పోయిన నవంబరులో, గట్టిపడని చెరువు మీద,
స్నోమొబైల్‌తో సహా.
ఊరందరికీ తెలుసు.
మిషనుకి ఎవరూ చెప్పలేదు.

రూల్ తీసేస్తాను, అంది రావ్‌ద్నా తల ఎత్తకుండా.
పాత "వి" పెట్టి మళ్ళీ పంపుదాం, ఎవరూ ఏమీ అడగరు.
సున్నా కాఫీలో ఎండుమాంసం ముక్క నానేసుకుని
అది మెత్తబడేదాకా మాట్లాడలేదు.
"దానికి లెక్క వచ్చు," అంది.
"రానిది ఆఫీసుకి.
కంచె వేసినప్పుడు ఇద్దరమే."

బూట్లు తొడుక్కుని, తలుపు దగ్గర ఆగి,
ఏడు కాదు, ఎనిమిదని రాయి,
ఒకటి కడుపుతో ఉంది, అంది.

నలభై మూడో లైను పక్కన
రావ్‌ద్నా పెట్టిన గమనిక ఇంకా ఉంది.
ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు:
ఇది తప్పు కాదు, సరిచేయకండి.
అనుమానముంటే సున్నాని అడగండి,
పొద్దున పది దాటాక.