మోకు ఖరీదు

కరాచీ దాటాక ఎడమపక్కన సముద్రం.
ఒక పగలూ ఒక రాత్రీ మోకాళ్లు గడ్డానికి తగిలించుకుని
ఎడారి నుంచి వచ్చిన ఆడవాళ్లం
అన్ని నీళ్లు చూసి ఒక్కరమూ మాట్లాడలేదు.
"ఉప్పువే" అంది చివరికి వెనక సీట్లోంచి హుర్మీ,
మా వూరి బావిని గురించి చెప్పినట్టే.

ఆ రాత్రి బురదకొండ కింద రొట్టె చేశాం.
ప్రతి సంచీలోంచీ పిడికెడు పిండి, చెంచా నెయ్యి, బెల్లం ముక్క.
పిండి నేలకు తగలకూడదు,
నలుగురం దుప్పటి కొసలు పట్టుకుంటే
గాలిలోనే కలిపారు ముద్దను.
నా ఎదురు కొస హుర్మీ చేతిలో.
ఆమె లాగినప్పుడల్లా నా మణికట్టు దాకా వచ్చేది,
నిండిన బాన బరువు మోకు మీదికి వచ్చినట్టు.

తెల్లవారకముందే ఎక్కాం.
చెట్టు లేదు, గడ్డి లేదు, మెట్టు లేదు.
పగిలిన మడమలాంటి బూడిదరంగు మట్టి.
పైన అంచు మీద వరసగా కూర్చోబెట్టాడు
ఎర్రగుడ్డ కట్టిన కర్రతో ఛడీదారు.
మధ్యలో ఆయన.
కోరలు లేవు, పుర్రెల దండ లేదు,
భైరవుడంటే ఇంకేదో అనుకున్నాను.
పెద్ద బాణలి నిండా చల్లని బురద,
నిద్రలో పెదవి విరిచి మళ్లీ మూసుకుంటూ.

అమ్మ దగ్గరికి ఊరికే పోనివ్వడు ఈ కావలివాడు.
పేరు చెప్పాలి, తండ్రి పేరు, ఊరు, చేసిన తప్పు.
గొంతెత్తి, పక్కవాళ్లు వినేట్టు.
బుడగ లేస్తే విన్నాడని,
లేవకపోతే ఇంకా లోపల దాచుకున్నావని.

మీర్‌పుర్ దుకాణందారు తూకంరాళ్ల సంగతి చెప్పాడు. లేచింది.
మీసం రాని కుర్రాడొకడు ఏదో గొణిగాడు.
"గట్టిగా" అన్నాడు ఛడీదారు. వాడు ఏడ్చాడు. లేచింది.

"కేసర్. మేఘో కూతురు. ఖారోవేరి.
అత్తకు పాచిరొట్టె పెట్టాను.
మేకపాలలో నీళ్లు కలిపాను."
బురద కదల్లేదు.
"ఏకాదశినాడు అబద్ధమాడాను."
కదల్లేదు.
ఛడీదారు కర్ర నేలకు తాటించి
"చిల్లర ఏరకు తల్లీ, నోటు తియ్యి" అన్నాడు.
ఎవరో నవ్వారు.

హుర్మీ నాకు ఎడమపక్క మూడో మనిషి.

"వానలు రాని రెండో ఏడు" అన్నాను,
"బావి దగ్గర నా వంతు లాక్కుందని
రాత్రి కొడవలి పట్టుకుపోయి
హుర్మీ వాళ్ల మోకు కోశాను. నలభై బారల మోకు.
పదకొండు రోజులు, నిండు కడుపుతో,
పక్కవూరి నుంచి నెత్తిన మోసుకుంది.
గుమ్మంలో నిలబడి బిందెలు లెక్కపెట్టాను.
ఆ కడుపులో పిల్లే నిన్న బస్సులో
నా ఒళ్లో నిద్రపోయింది."

బురద ఉబ్బింది.
ముందు కనుగుడ్డంత, ఆపైన కుండంత,
పగిలి నా పాదాల దాకా చిమ్మింది.
జనం జై కొట్టారు. కాయ విసిరాను.
చప్పుడు లేకుండా మింగాడు.

హుర్మీ వంతు వచ్చింది.
"ఆ తెల్లారే తెలుసు నాకు" అంది బురద వైపే చూస్తూ.
"అరిగి తెగిన తాడుకు పీచు లేస్తుంది.
ఇది వెన్న కోసినట్టుంది.
నాలుగేళ్లు నోరు మూసుకుని
వాళ్లింట పుట్టిన ప్రతి మేకపిల్లా చావాలని
దీపం పెట్టాను. మూడు చచ్చాయి."
ఆమెకు వెంటనే లేచింది.

దిగేటప్పుడు అందరి మొహాలకూ బురదే.
ఎవరు ఎవరో చెడ్డ కష్టం.

హింగోల్ ఏరు దగ్గర బలోచ్ డ్రైవరు
చెప్పులు విడిచి "నానీ ఇల్లు" అని దారి చూపించాడు.
అతనికీ ఆమె అమ్మమ్మే.
గుహలో మొహం లేని రాయి, తడి సింధూరం.
రాతి కింద బిలంలో పాక్కుంటూ పోవాలి,
మళ్లీ పుట్టినట్టు.
చీకట్లో నా కళ్ల ముందు
హుర్మీ అరికాళ్లు, వాటి పగుళ్లలో కొండ మట్టి.
ఆ పాదాలకు మొక్కానా, రాయికి మొక్కానా,
ఇప్పటికీ నాకు తెలియదు.

బయట నా చెయ్యి పట్టి లాగింది.
లేచాక కూడా వదల్లేదు.
"మోకు పద్నాలుగొందలు" అంది.
"బాబా క్షమించాడు. ఆయన నీళ్లు తోడడుగా."

కొంగు ముడిలో ఆరొందలుంటే ఇచ్చాను.
మిగతాది మేకపిల్లల కింద కొట్టెయ్యమన్నాను.
ఒక్కదానికే ఒప్పుకుంది.
రెండు రోగంతో పోయాయట.