మూడో నంబరు జత

నాది లెక్కల విభాగం.
ఫోను మోగితే తల తిప్పడానికి తప్ప
నా చెవులు దేనికీ పనికిరావని ఇంట్లోవాళ్ళ నమ్మకం.
అయినా కొనుగోలు కాగితం మీద మూడో సంతకం నాదే కనుక
ఫిబ్రవరి మంచులో, తిబిలిసీ రేడియో భవనం నేలమాళిగలోకి
నన్నూ పిలిచారు.

పాత స్పీకర్లు రెండూ గోడవారన, తడిసిన కుక్కల్లా.
ఒకదాని కాగితం చిరిగితే
నుగ్జార్ బడిపిల్లల జిగురుతో అతికించి
పదకొండేళ్ళు దాంతోనే నెట్టుకొచ్చాడు.

కొత్తవి మూడు జతలు, నల్లగుడ్డ వెనక.
గుడ్డ మీద సుద్దతో ఒకటి, రెండు, మూడు.
ధరలు నాకొక్కదానికే తెలుసు.
"నీ మొహం చూసి కనిపెట్టేస్తారు, వెనక కూర్చో"
అన్నాడు నుగ్జార్.

టేపు పట్టి కొలిచాడు.
గోడ నుంచి నాలుగు జానలు ముందుకి జరిపాడు:
గోడకి ఆనుకుంటే మంద్రం ఊరికే ఒళ్ళు చేస్తుందట.
రెండు స్పీకర్లు, ఒక కుర్చీ, మధ్య దూరాలు మూడూ సమానం.
మీటరు చూసుకుంటూ
అన్ని జతల గొంతూ ఒక్క మట్టానికి తెచ్చాడు.
"పిసరంత బిగ్గరగా మోగినదాన్నే మనిషి మంచిదంటాడు.
సంతలోనూ అంతే, సభలోనూ అంతే."

ముందు పాట పెట్టలేదు.
వార్తలు చదివే ఓతియాని గుడ్డ పక్కన నిలబెట్టి
రేపటి వాతావరణం చదివించాడు.
తర్వాత అదే చదువు, రికార్డు చేసింది, ఒక్కో జతలో.
ఒకటో నంబరులో ఓతియాకి జలుబు.
రెండో నంబరులో ఓతియా మంత్రి అయిపోయాడు.
మూడో దాంట్లో
ఇందాక మధ్యాహ్నం ఉల్లిపాయ తిన్న ఓతియా.

చేతులన్నీ రెండుకే లేచాయి.
నాదీ లేచింది. ధర కూడా మధ్యస్థం.

అప్పుడు నుగ్జార్ దారేజాన్ గారి టేపు ఎక్కించాడు.
డెబ్భైనాలుగేళ్ళావిడ, మూలన కూర్చుని
మేజోడు అల్లుకుంటోంది.
ఇదే గదిలో, ఇరవైమూడేళ్ళప్పుడు,
వాయిద్యం లేకుండా ముగ్గురాడపిల్లలు పాడిన పాట.
నడిమి గొంతు ఆవిడది.

ఒకటో నంబరు: అల్లిక ఆగలేదు.
రెండో నంబరు: గది నిండా తేనె.
"ఎవరమ్మా ఈ పిల్లలు, ఎంత బాగా పాడుతున్నారు!" అంది,
తనని కాదన్నట్టే.

మూడో నంబరు.
సూది ఆగింది.

"మళ్ళీ పెట్టు."

పెట్టాడు.

"ఆ మలుపు దగ్గర జారాను. వెంట్రుకవాసి కిందికి.
యాభై ఏళ్ళుగా చప్పట్లు కొడుతున్నారే,
ఒక్కడైనా చెప్పాడా?"
కోపమో నవ్వో తెలియలేదు మాకు.
"అప్పుడే చెప్పివుంటే మళ్ళీ పాడేదాన్ని.
గొంతుండేది, టేపుండేది,
బయట వాన తప్ప తొందరేమీ లేదు."

ఆది నిష్ఠూరం మేలంటారు కదా,
అది చెక్కపెట్టెలో బిగించి అమ్ముతారని నాకు తెలీదు.

డైరెక్టరు గొంతు సవరించుకున్నాడు:
"జనం వంటింట్లో, గిన్నెల చప్పుడులో వింటారు.
వాళ్ళకి ఇంత నిజం దేనికి?"
నుగ్జార్ జవాబివ్వలేదు.
తీగ చుట్టుకుంటూ నావైపు తిరిగాడు.
"లెక్కలమ్మా, నీకేం వినిపించింది?"

నేను పాట గురించి చెప్పలేను.
"రెండో నిమిషంలో ఎవరో కాగితం తిప్పారు.
పల్చటి కాగితం. ఒక మూల మడతపడింది.
మిగతా రెండింట్లో ఆ కాగితం లేదు."

దారేజాన్ తల ఎత్తి నన్ను చూసింది.
"నాదే. పదాలు మరిచిపోతానని భయం."

వెయ్యీ నూట నలభై లారీలు ఎక్కువ.
మరమ్మతుల పద్దులోంచి తీస్తానన్నాను,
ఎలా తీస్తానో ఇంకా తెలీదు.
డైరెక్టరు సంతకం మాత్రం రేపన్నాడు.

మెట్లెక్కి పైకి వస్తుంటే
నా బూట్లలో ఎడమదానికి కిర్రు ఉందని
ఈ చలికాలంలో మొదటిసారి విన్నాను.